పాత రంగుల ప్రింటరు - మచ్చ చెప్పు సంగతి

మెట్‌పల్లిలో శుభలేఖలు అచ్చువేయు చిన్న దుకాణదారునకు పాత రంగుల లేజర్ ప్రింటరు చౌకగా దొరకవచ్చును. కాని అందులో డ్రమ్ములు అరిగియున్నచో, వానిని మార్పించుటకే కొన్న ధరంత కావచ్చును.

1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ సాధించిన పొడిముద్రణయే దీనికి మూలము. లేజరు కిరణము తిరుగుచున్న డ్రమ్ముపై విద్యుదావేశముతో బొమ్మ గీయును. అచ్చట అంటిన రంగుపొడి కాగితముపైకి వచ్చి, వేడి రోలరు తాకిడికి కరిగి అతుకుకొనును. నీలి, ముదురు గులాబి, పసుపు, నలుపు పొడులకు సాధారణముగా వేర్వేరు డ్రమ్ములుండును.

కనుక ఒక్కొక్క రంగును పేజీనిండ విడిగా అచ్చువేయించవలెను. ఒకే మచ్చ సమదూరములలో మరల మరల పడినచో, ఆ దూరమును స్కేలుతో కొలువవలెను. డ్రమ్ము వ్యాసము 30 మిల్లీమీటర్లయినచో దాని చుట్టుకొలత సుమారు 94. కొలత అంతే వచ్చినచో దోషము డ్రమ్ముదే. వేరైనచో మరొక రోలరుది కావచ్చును. వృత్తపు లెక్క బడిలోనే గాక బజారులోను పనికివచ్చు చోటిది!

ఇంతవరకు అచ్చయిన పుటల సంఖ్యను యంత్రమే ఒక కాగితముపై ముద్రించి ఇచ్చును. అమ్మువాని మాటకన్న ముందు దానిని చూడవలెను.