వోటర్ల జాబితాలో స్త్రీ పేరు

వోటు హక్కు అనగానే పోలింగు కేంద్రము, వ్రేలిపై సిరా గుర్తు మన మనస్సునకు తోచును. కాని వోటు అక్కడ పుట్టదు. అంతకు కొన్నాళ్ళ పూర్వమే, జాబితాలో పేరు వ్రాయబడుటతో అది పుట్టుచున్నది. పేరు లేనివారికి రాజ్యాంగమిచ్చిన హక్కు కాగితముపైననే నిలిచిపోవును. స్త్రీల విషయమున ఇది మరింత నిజమని మన దేశచరిత్రయే చెప్పుచున్నది. నిత్యము జనులు వచ్చి స్థిరపడుచుండు శంషాబాదు వంటి చోట నేటికిని ఈ సంగతి గమనింపదగినది.

ప్రపంచమున స్త్రీలకు జాతీయ ఎన్నికలలో మొట్టమొదట వోటు ఇచ్చిన దేశము న్యూజీలండు, అది 1893లో. ఇంగ్లండులో 1918లో ముప్పదియేండ్లు నిండిన కొందరు స్త్రీలకు మాత్రమే ఆ హక్కు లభించెను. పురుషులతో సమానముగ లభించుటకు మరి పదియేండ్లు పట్టినది. స్విట్జర్లండు స్త్రీలు సమాఖ్య ఎన్నికలలో వోటు కొరకు 1971 వరకు వేచియుండవలసి వచ్చినది.

మన దేశమున 1917 డిసెంబరులో మద్రాసు నగరమునకు వచ్చిన భారత మంత్రి మాంటేగును స్త్రీల ప్రతినిధివర్గ మొకటి దర్శించి వోటు కోరినది. దానికి నాయకురాలు హైదరాబాదులో జన్మించిన శ్రీమతి సరోజినీనాయుడు. 1919 నాటి చట్టము ఈ ప్రశ్నను తాను తేల్చక రాష్ట్ర శాసనసభలకు విడిచిపెట్టెను. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు అనుకూలముగ తీర్మానించినది. ఆ ప్రెసిడెన్సీలో చేరియున్న తెలుగు జిల్లాల స్త్రీలకు ఆ విధముగ వోటు వచ్చినది. కాని ఆస్తియో, పన్నో ఉన్నవారికే వోటు అను నిబంధన ఉండుటచే అనుభవించినవారు కొద్దిమందియే. 1935 చట్టము కొంత విస్తరించినను సామాన్య స్త్రీ బయటనే నిలిచిపోయెను.

శంషాబాదు నాడు నిజాము రాజ్యములోనిది. అక్కడ వయోజనులందరకు వోటు అనునది పురుషులకును లేదు. ఆ పరిస్థితిలో స్త్రీల మేలుకొలుపు చదువుతో ప్రారంభమైనది. 1930లో జోగిపేటలో జరిగిన ఆంధ్ర మహాసభతో పాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభ జరిగెను. 1936లో మహాసభ షాద్‌నగరులో, అనగా శంషాబాదు మీదుగా దక్షిణమునకు పోవు రహదారిపైననే, కొండా వెంకట రంగారెడ్డిగారి అధ్యక్షతన జరిగినది. శంషాబాదున్న జిల్లాకు నేడు వారి పేరే. మహిళాసభలలో బాలికల విద్య, బాల్యవివాహములు, ఘోషా మున్నగు విషయములు చర్చింపబడెను. ఇంటి గడప దాటి సభలో మాటాడుట అలవడిన పిమ్మటనే వోటునకు బలము వచ్చును గదా!

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 21 ఏండ్లు నిండిన స్త్రీపురుషులందరకు, ఆస్తి, అక్షరజ్ఞానముల ప్రసక్తి లేకయే, వోటు ఇచ్చినది. మొదటి సాధారణ ఎన్నికలకు సుమారు 17 కోట్ల 30 లక్షల పేర్లతో జాబితా సిద్ధమైనది. అప్పుడొక చిక్కు ఎదురైనది. జాబితా వ్రాయుటకు వచ్చిన ఉద్యోగులకు అనేక స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె అని మాత్రమే చెప్పిరి. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ఇది అంగీకరింపలేదు. పేరు లేని వోటరు ఉండరాదనెను. ఫలితముగ ముఖ్యముగ ఉత్తరాది రాష్ట్రములలో సుమారు 28 లక్షల స్త్రీలు జాబితా నుండి తొలగింపబడిరి. వారి హక్కును ఏ చట్టమును తీసివేయలేదు. ఒక అలవాటు తీసివేసినది. మన ఇండ్లలోను ఇల్లాలిని “పెద్దబ్బాయి తల్లి” యనియో, “ఫలానా ఊరి కోడలు” అనియో పిలుచుట వింత కాదు. ఆ పిలుపులో ఆప్యాయత ఉన్నది. కాని జాబితాకు అది చాలదు.

ఆ ఎన్నికలలోనే హైదరాబాదు శాసనసభకు మాసూమా బేగం, సంగం లక్ష్మీబాయి, ఆరుట్ల కమలాదేవి మున్నగువారు ఎన్నికైరి. అంతకు మునుపు వయోజనులందరకు వోటు లేని రాజ్యములో స్త్రీలు శాసనములు చేయువారైరి. అయినను సామాన్య స్త్రీ పోలింగునకు వచ్చుట మెల్లగ పెరిగినది. 1962లో దేశమున పురుషులు వందకు 63 మంది వోటు వేయగా స్త్రీలు 47 మందికి మించలేదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో స్త్రీల శాతము పురుషుల శాతమును స్వల్పముగ మించినది. నడుమ 1989లో వోటు వయస్సు 18 ఏండ్లకు తగ్గెను.

ఇక శంషాబాదు సంగతి. 2008లో ఇక్కడ సుమారు 5,500 ఎకరములలో విమానాశ్రయము ప్రారంభమైన పిమ్మట గ్రామము పట్టణమైనది. దేశము నలుమూలల నుండి పనివారు, ఉద్యోగులు వచ్చి అద్దె ఇండ్లలో నివసించుచున్నారు. ఇట్టి చోట ముగ్గురు స్త్రీల పేర్లు సులభముగ జారిపోవును: పుట్టింటి ఊరిలో పేరుండి అత్తవారింటికి వచ్చిన కోడలు, అద్దె ఇల్లు మారిన గృహిణి, విమానాశ్రయమున వంతులవారీగ పనిచేయు కార్మికురాలు.

చట్టము వీరికి ప్రతికూలము కాదు. సాధారణముగ ఎక్కడ నివసింతురో అక్కడనే పేరు నమోదు కావలెను. సొంత ఇల్లు ఉండనక్కరలేదు. ఇల్లుండుట మాత్రముననే వోటు రాదు. రెండుచోట్ల పేరుండరాదు. నివాసము మారినవారు ఫారము 8, క్రొత్తగ చేరువారు ఫారము 6 ఈయవలెను. 18 ఏండ్లు నిండుటకు జనవరి, ఏప్రిలు, జులై, అక్టోబరు మాసముల మొదటి తేదీలు ప్రమాణములు. నామినేషన్ల గడువు ముగిసిన పిమ్మట ఆ ఎన్నికకు క్రొత్త పేరు చేర్చరు. గుర్తింపు కార్డు పెట్టెలో భద్రముగ నున్నను జాబితాలో పేరు లేనిచో వోటు లేదు. శాసనసభ, లోక్‌సభ పోలింగు దినమున వోటరైన పనివారికి, దినకూలీలతో సహా, వేతనముతో సెలవు ఈయవలెనని చట్టము చెప్పుచున్నది; ఎవరు లేకున్న పనికి ప్రమాదమో, గొప్ప నష్టమో కలుగునో అట్టివారికి మాత్రము మినహాయింపు కలదు.

2023లో ఆమోదింపబడిన రాజ్యాంగ సవరణ లోక్‌సభ, శాసనసభలలో మూడవవంతు స్థానములను స్త్రీలకు ప్రత్యేకించినది. అట్టి స్థానములలో ఎవరు గెలువవలెనో నిర్ణయించునది కూడ ఈ జాబితాయే. కావున ఎన్నికల ప్రకటన వచ్చువరకు ఆగక, ఇంటిలోని అత్తగారి పేరు, కోడలి పేరు, 18 నిండిన కుమార్తె పేరు, వారి వారి సొంత పేర్లతో, ఇప్పుడున్న ఇంటి చిరునామాతో జాబితాలో ఉన్నవో లేవో ఒకమారు చూచుకొనవలెను.