ఒంటి రవ్వకు కొత్త సాన

మన పెళ్ళిళ్ళలో వుంగరానికి చోటు లేకపోలేదు. బిందెలో నీళ్ళు పోసి, అందులో వుంగరం జారవిడిచి, వధూవరుల చేత వెతికించే ముచ్చట చూడనివారెవరు? కాని నిశ్చితార్థం నాడు వుంగరాలు మార్చుకోవడం మాత్రం మన పెద్దలెరిగిన తంతు కాదు. తాంబూలాలు పుచ్చుకోవడం, లగ్నపత్రిక రాయించడం, పిల్లకు బొట్టుపెట్టి చీర పెట్టడం, అంతటితో సరి. వజ్రపుటుంగరం తొడగడం పడమటి దేశాల వేడుక. అక్కడా మొదట్లో అది రాజుల యిళ్ళ మాటే. 1477లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్ బర్గండీ రాకుమారి మేరీకి వజ్రాలు పొదిగిన వుంగరం యిచ్చాడని చెబుతారు. మధ్యతరగతి యిళ్ళకు ఆ మోజు పాకించింది మాత్రం వ్యాపార ప్రకటనలే. వజ్రం కలకాలం నిలిచేదంటూ డి బీర్స్ కంపెనీ 1947 నుంచి మొదలుపెట్టిన ప్రచారం ప్రపంచమంతా చుట్టివచ్చింది.

ఆ చుట్టు చుట్టి మా గుమ్మంలోకీ వచ్చింది. మా అబ్బాయికి సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి పిల్లకు వజ్రపుటుంగరం పెట్టాలన్నారు. సరే, దుకాణానికి వెళ్ళి వొకటి కొందామని నేనంటే మా అమ్మ అడ్డుపడింది.

"నా భరిణెలో వున్నదాన్ని యేం చేద్దామనిరా? నాతో పంపిస్తారా?" అన్నది.

ఆ భరిణెలో వున్నది వొక్కటే రవ్వ. దాని సంగతి కాస్త చెప్పాలి.

మాది దివిసీమ. మా అమ్మకు వాళ్ళమ్మ యిచ్చిన ఒంటిరాయి దుద్దులు రెండుండేవి. 1977 నవంబరు 19న వచ్చిన వుప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్నది. మేము బతికి బయటపడ్డాం గాని, యిల్లూ గొడ్డూ గోదా మిగల్లేదు. మా అమ్మ చెవుల దుద్దులు మాత్రం చెవులకే వున్నాయి. నాన్న వాటిని బెజవాడ తీసుకువెళ్ళబోతుంటే అమ్మ వొకటే తీసి చేతిలో పెట్టింది. "జతగా యిస్తే యెక్కువ వస్తుంది" అన్నాడు నాన్న. "తక్కువే రానీ. రెండూ పోతే మళ్ళీ నేను రవ్వ యెరగను" అన్నది. ఆ వొక్క రాతి డబ్బుతో రెండు యెడ్లు, యింటి పైకప్పు వచ్చాయి. రెండోది నాటినుంచీ భరిణెలోనే. ఒంటి దుద్దు యెవరు పెట్టుకుంటారు?

అలాంటి రాయి వుంగరంలోకి వస్తుందంటే నాకూ సంతోషమే. మాకు తెలిసిన కంసాలి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన కంటికి అద్దం బిగించి చాలాసేపు చూశాడు. బంగారం తీసి తూచితే 1.38 కారట్లు తేలింది. కారటు అంటే గ్రాములో అయిదోవంతు. అందులో నూరోవంతును మన వర్తకులు సెంటు అంటారు.

"రాయి నిజమైనదే, పాతకాలపు సాన. కాని అంచున చిన్న పెచ్చు వూడింది. లోపల వొక నల్లచుక్క కూడా వుంది. దీన్ని యిలాగే వుంగరంలో బిగించడానికి నాకు చేతులు రావు" అన్నాడు.

వజ్రాన్ని మించి కఠినమైన రాయి లేదంటారే, బంగారు కొక్కేనికే భయపడడమేమిటి అన్నాను. ఆయన చెప్పింది పాఠకులకూ పనికివస్తుంది. వజ్రాన్ని మరో రాయి గీయలేదు, అది నిజం. కాని కట్టెకు చార వున్నట్టే వజ్రానికీ చార వుంటుంది. నాలుగు దిక్కుల్లో అది శుభ్రంగా చీలిపోగలదు. అంచు పెచ్చు వూడినచోట కొక్కెం నొక్కితే, ఆ చిట్లు లోపలికి పరుగెత్తవచ్చు. చెవి దుద్దు కన్నా వుంగరానికి దెబ్బలెక్కువ. గిన్నెకో, తలుపుకో, రోజూ తగులుతూనే వుంటుంది. అంచేత మళ్ళీ సానపట్టించక తప్పదు.

సాన అనగానే మా యింట్లో గుండెలు దడదడలాడాయి. కోహినూరు కథ తెలియనిదెవరికి? అది మన కృష్ణ వొడ్డున కొల్లూరు గనిలో దొరికిందని పరంపరగా చెప్పుకుంటాం. 1852లో లండనులో దాన్ని మళ్ళీ సానపట్టించారు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన పనివాళ్ళు 38 రోజులు పనిచేస్తే, నేటి తూకంలో 191 కారట్లున్న రాయి 105.6 కారట్లకు దిగింది. దాదాపు సగం పొడి అయిపోయింది! మహారాణి రాయికే ఆ గతి పడితే మా రాయి యేమవుతుంది?

ఇంతకీ కొత్త సానకూ పాత సానకూ తేడా యేమిటి? పాతకాలపు రాయికి పైమొగం చిన్నది, భుజాలు యెత్తు, కడుపు లోతు. అడుగున మొన వుండవలసినచోట చిన్న బల్లపరుపు వుంటుంది. పైనుంచి చూస్తే అది నడుమ చిల్లులా కనిపిస్తుంది. ఆకారం గుండ్రమూ కాదు, చదరమూ కాదు, తలగడలా వుంటుంది. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఆయన లెక్కలు వేసి, లోపలికి వెళ్ళిన వెలుగంతా తిరిగి పైకే రావాలంటే వజ్రపు పలకలు యే కోణంలో వుండాలో వొక పుస్తకంలో రాశాడు. పైవాలు 34.5 డిగ్రీలు, కిందవాలు 40.75 డిగ్రీలు. ఇవాళ దుకాణాల్లో తళతళలాడే గుండ్రని రాళ్ళన్నీ యించుమించు ఆ లెక్కకు పుట్టినవే. పాత రాయి అలా తళతళలాడదు. దాని మెరుపు పెద్ద పెద్ద ముక్కలుగా, నింపాదిగా వస్తుంది, దీపం వెలుగులో చూస్తే మరీను.

మన దేశంలో సాన అంటే సూరతే. ప్రపంచంలో సానపట్టే వజ్రాలు పదింటిలో తొమ్మిది అక్కడి చేతుల మీదుగా పోతాయంటారు. విజయవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ యెక్కి మా అబ్బాయీ నేనూ బయలుదేరాం. రాయి నా బనీను లోపలి సంచిలో, కాగితపు పొట్లంలో వున్నది. దారిపొడుగునా యెన్నిసార్లు తడిమి చూసుకున్నానో లెక్కలేదు.

సూరతు మనవాళ్ళకు కొత్త వూరేమీ కాదు. తెలంగాణా నుంచి వెళ్ళిన నేతపనివారు వేలమంది అక్కడ స్థిరపడ్డారు. మేము దిగిన చోట కాఫీ ఇచ్చినాయన తెలుగులోనే పలకరించాడు. మహీధరపురా వీధిలో వర్తకులు మోపెడ్ల మీద కూర్చొని, కాగితపు పొట్లాలు విప్పి, పగటి వెలుగులో రాళ్ళు చూసుకుంటున్నారు, మన దగ్గర బజార్లో చిక్కుడుకాయలు యేరుకున్నట్టు!

మాకు సిఫారసు చేసిన కార్ఖానా వొక మేడమీద వుంది. యజమాని ముందుగా రాయిని తూచి, కొలతలు తీసి, మా యెదుటే ఫోటోలు తీయించాడు. నల్లచుక్క యెక్కడుందో బొమ్మ గీయించి మా చేత సంతకం పెట్టించుకున్నాడు. "మీ రాయి మీకు తిరిగి వచ్చిందనడానికి యిదే సాక్ష్యం" అన్నాడు. ఇప్పుడు ప్రయోగశాలల్లో తయారయ్యే వజ్రాలూ ఆ వూళ్ళోనే రాశులుగా వస్తున్నాయి. అవీ వజ్రాలే, వుత్త కంటికి తేడా తెలియదు. యంత్రాలతో పరీక్షిస్తే తప్ప బయటపడదు. అంచేత ఆయన అంత పట్టుగా వుండడం నాకు నచ్చింది.

తరువాత రాయిని యంత్రంలో పెట్టి తిప్పారు. తెరమీద దాని రూపం పెద్దదై నిలిచింది. అంచు చిట్లు లోపలికి యెంతదూరం పోయిందో, చుక్క యెంత లోతున వుందో అంతా కనిపించింది. ఆయన మా ముందు రెండు దారులు పెట్టాడు.

మొదటిది, గుండ్రని కొత్త సాన. చిట్లూ పోతుంది, అంచు దగ్గరున్న నల్లచుక్కా పోతుంది. కళ్ళు చెదిరే రాయి వస్తుంది. కాని మిగిలేది 0.91 కారటు. మూడోవంతు పొడి! పైగా కారటు లోపలికి దిగితే బజారులో ధర కూడా వొక మెట్టు దిగుతుంది.

రెండోది, పాత రూపం వుంచి, అంచు సవరించి, కింది పలకలు మాత్రం సరిదిద్దడం. 1.17 కారట్లు మిగులుతుంది. చిట్లు పోతుంది గాని చుక్క వుండిపోతుంది. వుంగరంలో వొక కొక్కెం కిందికి అది వచ్చేలా పొదగవచ్చు. గుండ్రని రాళ్ళకు ప్రయోగశాలవాళ్ళు వేసే సానమార్కులు దీనికి పడవు.

నిర్ణయం మా వొక్కరిదీ కాదు. ఫోను చేశాం. మా అమ్మ "ఆ పిల్ల చేతికి కదా, ఆ పిల్లనే అడగండి" అని తప్పుకున్నది. కాబోయే వియ్యపురాలు మాత్రం ఖచ్చితంగా చెప్పింది: "అన్నయ్యగారూ, బిందువున్న రవ్వ మంచిది కాదంటారు. శుభమా అని పెట్టే వుంగరంలో దోషమెందుకు? తీయించెయ్యండి." ఆవిడ మాట కొట్టిపారేయదగినది కాదు. మన రత్నశాస్త్రాలు వజ్రదోషాల్లో బిందువునూ కాకపదాన్నీ చెప్పనే చెప్పాయి. పెళ్ళికి ముందు తల్లి మనసులో అనుమానం నాటుకుంటే, ఆ తరువాత యింట్లో యేది జరిగినా రాయి మీదికే పోతుంది. ఏం చెప్పాలో తెలియక నేను ఫోను చేతిలో పట్టుకొని నిలబడ్డాను.

అప్పుడు పిల్ల అందుకున్నది. "మావయ్యగారూ, ఆ చుక్క తీసేస్తే అది నాన్నమ్మగారి రాయేనని యెలా తెలుస్తుంది?" అని నన్నడిగి, వాళ్ళమ్మతో, "వుప్పెనలో పోకుండా నిలిచిన రాయమ్మా. ఇంకా దానికి దోషమేమిటి?" అన్నది. అటువైపు కొంతసేపు మాట లేదు. "సరే, నీ యిష్టం. పొదిగించాక వొకసారి అమ్మవారి పాదాల దగ్గర పెట్టించండి" అన్నది వియ్యపురాలు. అందులో యెవరికీ అభ్యంతరం లేదు.

పని నాలుగు రోజులు పట్టింది. సానచక్రాన్ని అక్కడ ఘంటి అంటారు. పోత యినుముతో చేసిన బల్లపరుపు చక్రం. వజ్రపు పొడి నూనెలో కలిపి దానికి పూస్తారు. వజ్రాన్ని అరగదీసేది వజ్రమే గదా! చక్రం నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటే పనివాడు రాయిని పిడిలో బిగించి దానిమీద ఆనిస్తాడు. చారకు యెదురుగా పెడితే యెంతసేపైనా అరగదు, దిక్కు మార్చి పెడితే వెంటనే పట్టు దొరుకుతుంది. మా రాయి పట్టిన పనివాడు సౌరాష్ట్ర నుంచి వచ్చినవాడు. అతను చూపు కన్నా చెవిని యెక్కువ నమ్ముకున్నట్టు కనిపించాడు. చక్రం శబ్దం మారగానే రాయి యెత్తి, తుడిచి, అద్దంలో చూసి మళ్ళీ పెట్టేవాడు. అంచు చిట్లు దగ్గరకు వచ్చినప్పుడు మాటలాపేశాడు. మేమూ వూపిరి బిగబట్టాం. వేడి యెక్కువై చిట్లు లోపలికి పాకితే రెండు దారులూ మూసుకున్నట్టే.

చిట్లు పోయింది. రాయి నిలిచింది. చివరి తూకం 1.16 కారట్లు. అనుకున్నదానికి వొక్క సెంటు తక్కువ. బొమ్మలో గీసిన చోటే నల్లచుక్క వుంది. ప్రయోగశాల పత్రం తరువాత వచ్చింది. సహజ వజ్రమని అందులో రాశారు. మా అమ్మ మాత్రం అది పరిటాల రాయని వాళ్ళమ్మ చెప్పిన మాటే నమ్ముతుంది. మన గనులు వట్టిపోయి, దక్షిణాఫ్రికా రాళ్ళు ప్రపంచమంతా నిండిన కాలంలో సానపట్టిన రాయిలా వుంది అది. రాయిని చూసి గని పేరు చెప్పడం సాధారణంగా యెవరివల్లా కాదు. అందుకని నేను వాదించలేదు.

ఇంట్లో పాత రవ్వలున్నవారు చాలామంది వుంటారు. వారికి నాలుగు మాటలు. రాయిని యెవరి చేతికి యిచ్చినా ముందు మీ యెదుట తూయించండి. కొలతలు, ఫోటోలు, మచ్చల బొమ్మ కాగితం మీద పెట్టించి రసీదు తీసుకోండి. మిగిలే బరువెంతో ముందుగా రాయించుకోండి. ఒక్క దారే చెప్పేవాడిని "మరో దారి లేదా?" అని అడగండి. పాత రాయికి కొత్త మొగం పెట్టడం యెప్పుడూ చేతిలో పనే. పోయిన పాత మొగాన్ని మాత్రం యే సానా తిరిగి తేలేదు. ఖర్చు సంగతంటారా, సానకూలి, పరీక్ష రుసుము, రైలు ఛార్జీలు అన్నీ కలిపినా, ఆ బరువు కొత్త రాయి వెలలో పదోవంతు కాలేదు.

వుంగరం తయారై వచ్చిన రోజున మా అమ్మ కళ్ళజోడు పెట్టుకొని దాన్ని అటూ యిటూ తిప్పి చూసింది. "కాస్త చిన్నదైంది" అన్నది. తరువాత, "రెండోది యెవరి చెవిని వున్నదో, వాళ్ళూ చల్లగా వుండాలి" అని, వుంగరాన్ని పసుపు కుంకుమల పళ్ళెంలో పెట్టి, వియ్యపురాలి మాట ప్రకారం అమ్మవారి గుడికి బయలుదేరదీసింది.