వివక్ష నోరు విప్పితేనే నేరమా?

న్యాయవ్యవస్థ, సమాజం అన్న పాఠం మొదలుపెట్టే రోజున ప్రతి ఏడాదీ నేను బోర్డు మీద రెండు అంకెలు రాస్తాను: 145, 12. అవి దేనికి సంబంధించినవో ఊహించమని విద్యార్థులను అడుగుతాను. ఒకరు సీట్ల సంఖ్య అంటారు, మరొకరు రాజ్యాంగ అధికరణలంటారు. సరైన జవాబు ఇంతవరకు రాలేదు. 2010లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, ఒక హత్య కేసుకు జ్యూరీని ఎంపిక చేస్తున్నప్పుడు ప్రాసిక్యూషన్ అడిగిన ప్రశ్నల లెక్క అది. తాను తొలగించిన ఐదుగురు నల్లజాతి అభ్యర్థులను ప్రాసిక్యూషన్ అడిగిన ప్రశ్నలు 145. జ్యూరీలో కూర్చున్న పదకొండుమంది శ్వేతజాతీయులను, అందరినీ కలిపి, అడిగినవి 12.

ఆ కేసులో ముద్దాయి కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతీయుడు. 1996లో వైనోనా అనే చిన్న పట్టణంలోని ఫర్నిచర్ దుకాణంలో నలుగురు హత్యకు గురయ్యారు. ఆ నేరానికి ఒకే ప్రాసిక్యూటర్ ఆయనను ఆరుసార్లు విచారణకు నిలబెట్టాడు. మొదటి మూడు విచారణలలో పడిన శిక్షలను రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టివేసింది. తర్వాతి రెండింటిలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. ఆరోసారి మళ్లీ మరణశిక్ష పడింది. ఆరు విచారణలలోనూ కలిపి, తొలగించే అవకాశం దొరికిన 42 మంది నల్లజాతి అభ్యర్థులలో 41 మందిని ప్రాసిక్యూషన్ తొలగించింది. 2019 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో ఆ శిక్షను రద్దు చేసింది. మరుసటి ఏడాది అభియోగాలనే ఉపసంహరించుకున్నారు. అప్పటికే ఆయన జీవితంలో దాదాపు 23 ఏళ్లు జైలులో గడిచిపోయాయి.

దీనిని న్యాయం గెలిచిన కథగా చెప్పుకోవచ్చు. నన్ను వెంటాడే ప్రశ్న మాత్రం వేరు. 42 మందిలో 41 మందిని తొలగిస్తే తప్ప కోర్టుకు వివక్ష కనబడలేదు. పదిమందిలో ఆరుగురినే తొలగించి, ఒక్కొక్కరికీ ఒక మర్యాదైన కారణం రాసిపెట్టి ఉంటే ఏమయ్యేది? లోకంలో జరిగే వివక్షలో అత్యధిక భాగం ఈ రెండో రకానిదే.

అమెరికాలో తీవ్రమైన నేరాలను సాధారణంగా పన్నెండుమంది పౌరులతో కూడిన జ్యూరీ విచారిస్తుంది. ఎంపిక సమయంలో ఇరుపక్షాలకూ కొందరు అభ్యర్థులను ఏ కారణమూ చెప్పకుండా తొలగించే హక్కు ఉంటుంది. దీనిని పెరెంప్టరీ చాలెంజ్ అంటారు. దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతీయులను జ్యూరీ గది గుమ్మం దాటనివ్వకుండా ఆపడానికి చాలాకాలం పనికొచ్చిన ఆయుధం ఇదే. 1986లో బాట్సన్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ఒక హద్దు గీసింది. జాతి కారణంగా తొలగించారన్న అనుమానం కలిగితే, ప్రాసిక్యూటర్ జాతితో సంబంధం లేని కారణం చూపాలన్నది. అప్పుడే జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ ఒక హెచ్చరిక చేశారు. ఇలాంటి కారణాలు చెప్పడం ఎవరికైనా సులువేననీ, ఈ తొలగింపు హక్కునే రద్దు చేస్తే తప్ప జబ్బు నయం కాదనీ ఆయన అభిప్రాయం.

ఆయన భయపడినట్టే జరిగింది. 1995లో మరో కేసులో పొడవాటి జుట్టు, గడ్డం కూడా చాలినంత కారణాలుగా చెల్లాయి. చెప్పిన కారణం నమ్మదగ్గదిగా ఉండాలని కూడా ఆ దశలో లేదనీ, జాతితో ముడిపడకుండా ఉంటే చాలుననీ సుప్రీంకోర్టు ప్రకటించింది. 2016 నాటి ఫోస్టర్ కేసు దీనికి మరో ముఖం. 1987లో జార్జియాలో శ్వేతజాతీయులే ఉన్న జ్యూరీ ఒక నల్లజాతి యువకునికి మరణశిక్ష వేసింది. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత ఆ రాష్ట్ర సమాచార చట్టం కింద ప్రాసిక్యూషన్ ఫైలు బయటికి వచ్చింది. అందులో నల్లజాతి అభ్యర్థుల పేర్లకు ఆకుపచ్చ రంగు పూసి, పక్కన ‘బి’ అనే అక్షరం రాసిపెట్టారు. ఆ కాగితాలు చూశాకే సుప్రీంకోర్టు శిక్షను రద్దు చేసింది. అంటే వివక్ష తన చేతివ్రాతతో తానే వాంగ్మూలం ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ ఫైలును ఎవరైనా చింపేసి ఉంటే ఫోస్టర్ వాదన నిలిచేదా?

ఈ చోట నా అనుభవం ఒకటి చెప్పాలి. అధ్యాపక నియామకాల ఎంపిక సంఘాలలో నేను కొన్నిసార్లు కూర్చున్నాను. రిజర్వుడు పోస్టుకు అర్హతలన్నీ ఉన్న అభ్యర్థులు వచ్చిన ఒక ఇంటర్వ్యూలో, చివరికి ‘తగిన అభ్యర్థి లభించలేదు’ అని రాశారు. గదిలో ఎవరూ కులం మాట ఎత్తలేదు. భావవ్యక్తీకరణ చాలదన్నారు, విషయంలో లోతు లేదన్నారు. అన్నీ వినసొంపైన మాటలే. అంతకుముందు ఓపెన్ పోస్టుకు వచ్చినవారిని మేము అంత లోతు అడగలేదని ఇంటికి వెళ్లాక గుర్తొచ్చింది. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది. ఎవరి ఉద్దేశాన్ని రుజువు చేయమంటారు? నాదైనా నేను రుజువు చేయగలనా?

ఉద్దేశం గురించిన ఈ ప్రశ్నను అమెరికా సుప్రీంకోర్టు అన్నిటికంటే సూటిగా ఎదుర్కొన్నది 1987 నాటి మెక్‌క్లెస్కీ కేసులో. జార్జియాలో ఒక శ్వేతజాతి పోలీసును చంపిన నేరానికి వారెన్ మెక్‌క్లెస్కీ అనే నల్లజాతీయునికి మరణశిక్ష పడింది. ఆయన న్యాయవాదులు ప్రొఫెసర్ డేవిడ్ బాల్డస్ బృందం చేసిన అధ్యయనాన్ని కోర్టు ముందుంచారు. 1970లలో ఆ రాష్ట్రంలో జరిగిన రెండు వేలకు పైగా హత్య కేసులను పరిశీలించిన అధ్యయనమది. జాతితో సంబంధం లేని ఇతర అంశాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా, హతుడు శ్వేతజాతీయుడైతే మరణశిక్ష పడే అవకాశం 4.3 రెట్లు ఎక్కువని తేలింది. శిక్ష బరువు చంపినవాడి రంగు కంటే చచ్చిపోయినవాడి రంగును బట్టి మారుతున్నదన్నమాట. ఎవరి ప్రాణానికి ఎంత విలువో చెప్పే ఈ కొలత మన పాఠకులకు కొత్తదేమీ కాదు.

ఆ లెక్కలు సరైనవేనని అనుకుందామంటూనే కోర్టు 5–4 మెజారిటీతో అప్పీలును తిరస్కరించింది. ఈ ముద్దాయి విషయంలో, ఈ జ్యూరీ, ఈ ప్రాసిక్యూటర్ జాతిద్వేషంతో ప్రవర్తించారని విడిగా రుజువు చేయమన్నది. ఈ వాదనను ఒప్పుకుంటే మొత్తం నేరన్యాయ వ్యవస్థనే ప్రశ్నించవలసి వస్తుందని కూడా అన్నది. న్యాయం మరీ ఎక్కువైపోతుందేమోనన్న భయంలా ఉందిది అని జస్టిస్ బ్రెనన్ అసమ్మతి తెలిపారు. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ పావెల్, అంతకు ముందటి ఏడాది బాట్సన్ తీర్పు రాసిన వ్యక్తే. తన ఓటు మార్చుకునే అవకాశమే ఉంటే ఈ కేసులోనే మార్చుకుంటానని పదవీ విరమణ తర్వాత ఆయన తన జీవితచరిత్రకారునితో అన్నారు. ఆ ఒక్క ఓటుతో తీర్పు తారుమారయ్యేది. మెక్‌క్లెస్కీని 1991 సెప్టెంబరులో విద్యుత్ కుర్చీలో కూర్చోబెట్టి చంపేశారు.

ఇదే కోర్టు 2020లో రామోస్ కేసులో ఒక పాత అన్యాయాన్ని సరిదిద్దింది. లూసియానాలో పన్నెండుమందిలో పదిమంది ఒప్పుకుంటే చాలు, ముద్దాయికి శిక్ష వేయవచ్చునన్న నియమం ఉండేది. దాని పునాది 1898 నాటి రాష్ట్ర రాజ్యాంగ సభలో ఉంది. జ్యూరీలో ఒకరిద్దరు నల్లవారు చేరినా వారి మాట చెల్లకుండా చేసే ఏర్పాటది. శ్వేతజాతి ఆధిక్యాన్ని నిలబెట్టడమే తమ పని అని ఆ సభ పెద్దలు దాపరికం లేకుండా చెప్పుకున్నారు. తీవ్ర నేరాలలో జ్యూరీ తీర్పు ఏకగ్రీవంగా ఉండాలని రాజ్యాంగమే కోరుతోందన్నది రామోస్ తీర్పుకు ఆధారం. అయినా కోర్టు ఆ పాత మాటలను తీర్పులో గుర్తుచేయకుండా ఉండలేకపోయింది. 1898 నాటివారు మనసులో మాట పైకే అన్నారు. 1987 నాటి జార్జియా ప్రాసిక్యూటర్లు అనలేదు. వివక్ష నాగరికత నేర్చుకున్నకొద్దీ కోర్టుకు కనబడకుండా పోతున్నది. మరుసటి ఏడాదే, పాత కేసులలో తుది తీర్పులు ముగిసిపోయినవారికి రామోస్ తీర్పు వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. తప్పుడు నియమం పోయింది, దాని కింద శిక్ష పడినవారు లూసియానా జైళ్లలోనే ఉండిపోయారు.

కొన్ని రాష్ట్రాలు మాత్రం ప్రశ్ననే మార్చాయి. 2018లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 37వ నియమం తెచ్చింది. దాని ప్రకారం ప్రాసిక్యూటర్ మనసులో ఏముందో తవ్వనక్కరలేదు. తెలిసిన తటస్థ పరిశీలకునికి ఆ తొలగింపులో జాతి ఒక అంశంగా కనబడే వీలుంటే చాలు, తొలగింపు చెల్లదు. పోలీసుల మీద నమ్మకం లేదనడం, ప్రభుత్వ సహాయం పొందుతున్నారనడం, ఇంగ్లిషు మాతృభాష కాదనడం వంటి కారణాలను మొదటే అనుమానించాలన్నది. సియాటిల్‌లో పౌరసత్వం తీసుకుని జ్యూరీ సమన్లు అందుకునే తెలుగువారికీ ఈ రక్షణ వర్తిస్తుంది. నల్లజాతి ఉద్యమం గెలిచిన హక్కు అది. మనవారిలో ఎందరికి ఆ సంగతి తెలుసో! అదే ఏడాది ఆ కోర్టు, మెక్‌క్లెస్కీ కేసులో చెల్లని గణాంకాల వంటివే ఆధారం చేసుకుని, రాష్ట్రంలో మరణశిక్ష అమలు తీరు రాజ్యాంగ విరుద్ధమన్నది. 2020లో కాలిఫోర్నియా జాతి న్యాయ చట్టం చేసింది. 2022 నుంచి అరిజోనా పెరెంప్టరీ చాలెంజ్‌లనే ఎత్తివేసింది. కేంద్రంలో గాలి దీనికి ఎదురుగా వీస్తున్నది. ఫలితాలలోని అసమానతను బట్టి వివక్షను గుర్తించే పద్ధతికి వీలైనంత దూరంగా ఉండాలని 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడు ట్రంప్ ప్రభుత్వ శాఖలను ఆదేశించారు.

ఈ చర్చలో అవతలి పక్షానికీ బలమైన వాదనలున్నాయి. ఫ్లవర్స్ తీర్పుతో విభేదించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ క్లారెన్స్ థామస్ స్వయంగా నల్లజాతీయుడు. జ్యూరీలో పక్షపాతం ఉంటుందని అనుమానించే నల్లజాతి ముద్దాయికి కూడా ఆ తొలగింపు హక్కు ఒక రక్షణేనని ఆయన చాలాకాలంగా వాదిస్తున్నారు. గణాంకాలతో ఒక వ్యక్తి కేసును ఎలా తేలుస్తారన్న ప్రశ్న కూడా కొట్టిపారేయదగినది కాదు.

మనకు జ్యూరీ లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో అది పూర్తిగా పోయింది. ఉద్దేశం గురించిన ప్రశ్న మాత్రం పోలేదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టంలోని 3(2)(5) సెక్షన్, బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ ‘అయిన కారణంగా’ నేరం జరిగినట్లు చూపమన్నది. మన రాష్ట్రం నుంచి వెళ్లిన పటాన్ జమాల్ వలి కేసులో 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ప్రతి విద్యార్థీ చదవాలి. చూపులేని ఒక దళిత యువతిపై జరిగిన అత్యాచారం కేసది. కులం, లింగం, వైకల్యం ఒకదానిలో ఒకటి కలిసి అణచివేత ఎలా పనిచేస్తుందో అమెరికన్ నల్లజాతి న్యాయవేత్త కింబర్లీ క్రెన్షా ఆలోచనల వెలుగులో కోర్టు ఎంతో ఓపికగా వివరించింది. అత్యాచార నేరానికి యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. కానీ కులం కారణంగానే నేరం జరిగిందనడానికి విడిగా సాక్ష్యం లేదంటూ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను కొట్టివేసింది. క్రెన్షాతో మొదలైన తీర్పు మెక్‌క్లెస్కీ గుమ్మం దగ్గర ఆగింది.

పార్లమెంటు అప్పటికే ఆ మాట మార్చింది. 2015 సవరణ ‘అయిన కారణంగా’ అన్నచోట ‘అని తెలిసి’ అని చేర్చింది. బాధితులతో లేదా వారి కుటుంబంతో నిందితునికి పరిచయం ఉంటే, కులం తెలుసునని కోర్టు భావించాలని కూడా చెప్పింది. అయితే ఆ నేరం 2011లో జరిగింది కనుక పాత మాటే వర్తించింది. అమెరికాలో ఉద్దేశం రుజువు చేయాల్సిన బరువు శిక్ష ఎదుర్కొంటున్న ముద్దాయి మీద ఉంటే, మన చట్టంలో అది ప్రాసిక్యూషన్ మీద ఉంది. ఇక్కడ ఆ బరువు తగ్గిస్తే నిందితుని హక్కుల ప్రశ్న వస్తుంది. అందుకే పార్లమెంటు ఉద్దేశం స్థానంలో ఎరుకను పెట్టింది, దానిని ఖండించే అవకాశం నిందితునికి ఉంచింది. నాకిది సమంజసంగా తోస్తుంది. ఊరిలో ఎవరిది ఏ వాడో తెలియకుండా ఎవరూ పెరగరు.

ఈ ఏడాది బోర్డు మీది అంకెలను వివరించడం పూర్తయ్యాక వెనుక వరుసలోని ఒక విద్యార్థిని లేచి, ‘‘సార్, ఆ ప్రశ్నలను లెక్కపెట్టింది ఎవరు?’’ అని అడిగింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. కోర్టులో మాట్లాడిన ప్రతి మాటా రికార్డయింది, ఆ రికార్డు తెరిచి లెక్కించినవారున్నారు కనుకనే 145 అన్న అంకె సుప్రీంకోర్టు దాకా వెళ్లిందని చెప్పాను. మన జిల్లా కోర్టుల తీర్పులు ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో దొరుకుతున్నాయి. బాల్డస్ జార్జియాలో చేసిన పనిని ఒక్క జిల్లాకైనా చేసి చూడమన్నాను. చనిపోయినవారిది ఏ కులమో, పడిన శిక్ష ఎంతో, కొట్టివేసినప్పుడు ఏ కారణం రాశారో వరుసగా పేర్చమన్నాను. మరుసటి వారం ఆమె ఒక నోటుపుస్తకంతో వచ్చింది. మొదటి పేజీలో గళ్లు గీసి ఉన్నాయి. ఎంపిక సంఘాల లెక్క కూడా ఇలాగే తీయవచ్చా అని అడిగింది. తీయవచ్చునన్నాను. నా సంతకం ఉన్న కాగితంతో మొదలుపెట్టమని కూడా చెప్పాను.