కెమెరా డ్రోనులు: ఎగురవేయువారు తెలిసికొనవలసిన నియమములు, మర్యాదలు



మన గ్రామములలో పెండ్లి గాని తీర్థము గాని జరిగినపుడు తలలపై తుమ్మెదవలె రొదచేయుచు ఎగురు చిన్న యంత్రమును మీరందరును చూచియే యుందురు. దానికి డ్రోను అని పేరు. తిరుగు రెక్కలు నాలుగు, ఒక బ్యాటరీ, ఒక కెమెరా దానికి ముఖ్యాంగములు. క్రింద నిలిచినవాడు చేతిపెట్టెతో దానిని నడుపును. అది చూచినదెల్ల అతని చేతిలోని తెరపై కనబడును. సామాన్యమైన కెమెరా డ్రోను ఒకసారి నింపిన బ్యాటరీతో సుమారు ఇరువది, ముప్పది నిమిషములు ఎగురును. దీనిని పిల్లల యాటవస్తువుగా కొందరు తలంచుచున్నారు. ఆకాశమున తిరుగునది గనుక దీనికి చట్టము గలదు. పరుల పెరడులోనికి చూడగలది గనుక దీనికి మర్యాదయు కావలయును. ఈ రెంటిని గూర్చియు ఇచట వ్రాయుచున్నాను.

నేను చేసిన పొరపాటు

ముందుగా నా తప్పు నేనే చెప్పుకొందును. గత సంవత్సరము సార్వా నాట్ల కాలమున ఒక గ్రామపు శివారు పొలములకు కాలువనీరు అందుట లేదని రైతులు మొరపెట్టుకొనిరి. నీరు ఎచట మళ్లిపోవుచున్నదో కనుగొనుటకై ఒక డ్రోనును, దానిని నడుప నేర్చిన యువకుని రప్పించితిమి. ఉదయము ఏడు గంటలకు యంత్రము లేచెను. గడియలో పని ముగిసెను. బోదె గట్టు తెగిన చోటు స్పష్టముగా కనబడెను. మేమందరము సంతోషించితిమి.

ఆ సాయంకాలమే ఒక వృద్ధురాలు సంఘ కార్యాలయమునకు వచ్చి గుమ్మము కడనే నిలిచి, "బాబూ, మా తాటాకు దడి మీ యంత్రానికి అడ్డం రాదా?" అని యడిగినది. ఆమె కోడలు పెరటిలో స్నానము చేయుచుండగా డ్రోను దడిపైగా పోయినదట. చిత్రములు వెదకి చూడగా ఆ పెరడును అందు గలదు. దానిని ఆమె యెదుటనే చెరిపివేయించితిమి. మా పని మంచిదే. మా ఉద్దేశమును మంచిదే. అయినను ఊరిలో ఎవరికిని ముందుగా చెప్పియుండలేదు. ఆ దోషము నాది. ఆ కోడలు పది దినములు వీధిలోనికి రాలేదని పిమ్మట వింటిని. ఈ వ్యాసమునకు అదియే కారణము.

చట్టము చెప్పునది

భారత ప్రభుత్వము వారు 2021 ఆగస్టు నెలలో డ్రోను నియమములను ప్రకటించిరి. వాని ప్రకారము డ్రోనులను బరువును బట్టి తరగతులుగా విభజించిరి. 250 గ్రాముల వరకు బరువుగలది నానో. అంతకు మించి 2 కిలోల వరకు మైక్రో. 2 కిలోలు దాటి 25 కిలోల వరకు చిన్నతరగతి. పెండ్లిండ్లలో ఎగురునవి సామాన్యముగా మొదటి రెండు తరగతులలోనివి. పొలముపై మందు చల్లు డ్రోనులు మందుతో గూడ చిన్నతరగతిలో చేరును. అంతకు పెద్దవి మనకు ప్రస్తుతము కాదు.

250 గ్రాములకు మించిన డ్రోను కొన్నవారు దానిని పౌరవిమానయాన శాఖవారి యొద్ద నమోదు చేయించి, బండికి నెంబరువలె దానికొక విశిష్ట సంఖ్యను పొందవలయును. నియమములలో ఇందులకు నిర్ణయించిన రుసుము 100 రూపాయలు. ఇతరులకు కలుగు నష్టమునకై భీమాయు చేయింపవలయును. నానో తరగతికి మాత్రము భీమా నిర్బంధము లేదు.

నడుపువానికి రిమోట్ పైలట్ ధ్రువపత్రము కావలయును. 18 ఏండ్లు నిండి 65 ఏండ్లు దాటనివారై, పదవ తరగతి ఉత్తీర్ణులై, ప్రభుత్వము అంగీకరించిన పాఠశాలలో శిక్షణ పొందినవారికి అది లభించును. నానో డ్రోను నడుపువారికిని, మైక్రో డ్రోనును వ్యాపారము కొరకు గాక స్వంతమునకు నడుపువారికిని ఈ పత్రము అక్కరలేదు. ఇచట ఒక సంగతి గమనింపుడు. మీరు కూలికి పిలిచిన ఫోటోగ్రాఫరు పని వ్యాపారమే. అతని డ్రోను 250 గ్రాములు దాటినచో అతనికి పత్రము ఉండితీరవలయును. పెండ్లి బేరమాడునపుడే పత్రము చూపుమని అడుగుడు. అడుగుట తప్పు కాదు.

ఈ నియమములను మీరినవారికి లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఒక ఎకరము వరిపై వచ్చు ఆదాయముతో దీనిని పోల్చి చూచుకొనుడు.

ఎచట ఎగురవేయవచ్చును?

ఆకాశమును మూడు రంగులుగా విభజించి ప్రభుత్వమువారు పటము సిద్ధపరచిరి. డిజిటల్ స్కై అను వేదికపై దానిని ఎవరైనను సెల్‌ఫోనులో చూడవచ్చును. ఆకుపచ్చ ప్రాంతమున 400 అడుగుల ఎత్తు వరకు ప్రత్యేకానుమతి లేకయే ఎగురవేయవచ్చును. ఎత్తైన తాటిచెట్లు నాలుగింటిని ఒకదానిపై నొకటి నిలిపినచో సుమారు అంత ఎత్తు వచ్చును. పసుపుపచ్చ ప్రాంతమున విమానముల రాకపోకలను నియంత్రించు అధికారుల అనుమతి కావలయును. ఎఱ్ఱని ప్రాంతమున కేంద్ర ప్రభుత్వపు అనుమతి లేనిదే ఎగురవేయరాదు.

విమానాశ్రయపు సరిహద్దునుండి 5 మొదలు 8 కిలోమీటర్ల వరకు నేల మొదలుకొనియే పసుపుపచ్చ. 8 మొదలు 12 కిలోమీటర్ల వరకు 200 అడుగుల లోపు మాత్రమే ఆకుపచ్చ. కావున గన్నవరము, మధురపూడి, రేణిగుంట, శంషాబాదు పరిసర గ్రామములవారు మిక్కిలి జాగ్రత్తగా నుండవలయును. విమానము గాని హెలికాప్టరు గాని కనబడిన తక్షణమే డ్రోనును దింపవలయును. త్రోవ వానిదే; మనది కాదు.

మఱియొక విషయము. నిన్న ఆకుపచ్చగా నున్నచోటు నేడు ఎఱ్ఱబడవచ్చును. ప్రముఖులు వచ్చినపుడు గాని, శాంతిభద్రతల నిమిత్తము గాని, ఒక్కొక్కసారి 96 గంటలకు మించకుండ ఏ ప్రాంతమునైనను తాత్కాలికముగా నిషేధించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకును పోలీసు వారికిని కలదు. ఆకాశము ఆకుపచ్చయైనను క్రింది స్థలమునకు వేరు కట్టుబాట్లు ఉండవచ్చును. తిరుమల కొండపై డ్రోను ఎగురవేయుట నిషిద్ధము. కావున ఎగురవేయబోవు దినముననే పటమును చూచి, స్థలాధికారులను అడిగి, పిమ్మట యంత్రమును పెట్టెనుండి తీయవలయును.

జనసమ్మర్దము, పశువులు, పక్షులు

యంత్రమన్నది ఎప్పుడైనను చెడును. బ్యాటరీ తరుగును, గాలి విసరును, రెక్క కరెంటు తీగకు తగులును. కిలో బరువుగల వస్తువు నూరడుగుల ఎత్తునుండి పసివాని తలపై పడినచో ఏమగునో చెప్పనక్కరలేదు. కనుమనాడు కోనసీమలో జరుగు ప్రభల తీర్థములవంటి చోట్ల జనులు తోపులాటలో నుందురు. ప్రక్కకు తొలగుటకైనను త్రోవయుండదు. అట్టిచోట జనుల నెత్తిపై గాక, ఒక అంచున నిలిచి ప్రక్కనుండి చిత్రము తీయవలయును. యంత్రము ఎల్లప్పుడును నడుపువాని కంటికి కనబడుచుండవలయును.

ఎద్దులకు ఈ రొద కొత్త. కాడి కట్టిన జత బెదరినచో బండివాని ప్రాణమునకే ముప్పు. గూళ్లు కట్టుకాలమున కొంగలు, గూడబాతులు ఉండు చెట్లపై ఎగురవేయరాదు. తల్లిపక్షి బెదరి లేచిపోయినచో గ్రుడ్లు ఎండకు చెడును, కాకులపాలగును. అభయారణ్యములందు అటవీశాఖవారి అనుమతి లేనిదే డ్రోను మాట తలపెట్టరాదు. బ్యాటరీలను గడ్డివాముల దగ్గరగాని, పశువుల పాకలలోగాని నింపరాదు. దెబ్బతినిన బ్యాటరీ తనంతట తానే మండగలదు.

పరుల మరుగు

వ్యక్తియొక్క ఏకాంతము ప్రాథమికహక్కని సుప్రీంకోర్టువారు 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనముద్వారా తీర్పు చెప్పిరి. మరుగున నున్న స్త్రీని ఆమె ఎఱుకలేకుండ చాటుగా చిత్రించుట భారతీయ న్యాయసంహిత 77వ సెక్షను ప్రకారము నేరము. మొదటిసారియే ఒక యేడునుండి మూడేండ్ల వరకు శిక్ష కలదు. డ్రోను చిన్నదైనను ఈ చట్టమునుండి తప్పించుకొనజాలదు.

ఇందులకు ప్రభుత్వమువారి పద్ధతియే మనకు మంచి మాదిరి. గ్రామములందలి ఇండ్ల స్థలములను డ్రోనులతో కొలుచుటకై 2020 ఏప్రిల్ 24వ తేదీన స్వామిత్వ పథకము ఆరంభమైనది. అందు యంత్రము లేవకముందే గ్రామసభలో సంగతి చెప్పి, హద్దులను సున్నముతో గుర్తింపజేయుదురు. పటము సిద్ధమైన పిమ్మట అభ్యంతరములను విందురు. భూమిని కొలుచు అధికారము గల సర్కారే ముందు చెప్పి వచ్చుచుండగా, మనము చెప్పకుండ పోవుట యెట్లు తగును?

ఆ వృద్ధురాలు వచ్చిపోయిన తరువాత మేము ఆ పనిని మరల చేసితిమి. ముందునాటి సాయంకాలము టముకు వేయించితిమి. ఏ వేళ, ఏ దిక్కున, ఎంతసేపు యంత్రము ఎగురునో చెప్పించితిమి. ఇండ్లను విడిచి కాలువగట్టు వెంబడినే నడిపించితిమి. తీసిన చిత్రములను సభ్యులందరి యెదుట చూపి, అక్కరలేనివి చెరిపించితిమి. దీనికి అదనముగా పట్టిన కాలము ఒక్క దినము; అయిన వ్యయము టముకు వేసినవాని కూలి మాత్రమే.

మీ యింటిపై డ్రోను ఎగిరినచో

రాళ్లు రువ్వకుడు. రాయి తప్పినను, తగిలినను క్రిందనున్నవారికే అపాయము. నడుపువాడు చాలవరకు సమీపముననే యుండును. అతనిని వెదకి, ఎవరి పనుపున వచ్చితివి, ఏమి చిత్రించితివి, సంఖ్యయేది యని నెమ్మదిగా అడుగుడు. సరియైన ప్రత్యుత్తరము రానిచో దినము, వేళ, స్థలము కాగితముపై వ్రాసికొని పోలీసువారికి తెలియజేయుడు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును ఒక తీర్మానము చేయుట మంచిదని నా మనవి. సంఘపు పనికై డ్రోను వచ్చినపుడు ముందునాడే టముకు వేయింపవలయును, ఇండ్లపైగా పోరాదు, చిత్రములను సభ్యులకు చూపవలయును. ఈ మూడు మాటలు చాలును. డ్రోను వలన తెగిన గట్టు తెలియును, ఎండిన చేను కనబడును, ముంపుపొలము లెక్కకు వచ్చును. ఇట్టి ఉపకారి మన ఊళ్లలో నిలువవలెనన్న, దడి చాటుననున్న ఆడపడుచు దానిని చూచి జడియకుండునట్లు మనము నడచుకొనవలయును.