గొర్ల కుక్క నడుము ఎవలు వంచిన్రు?

మనూర్లల్ల జర్మన్ షెపర్డ్‌ను పోలీసు కుక్క అంటరు. కానీ పేర్లనే ఉన్నది, షెపర్డ్ అంటె కాపరి. అది గొర్ల కాడి కుక్క. జర్మనీల చేన్లకు కంచెలు తక్కువ. ఒక దిక్కు మంద, ఇంకో దిక్కు పంట, నడిమిట్ల ఒక సాలు. ఆ సాలెంబడి పొద్దుందాక అటు ఇటు తిరుక్కుంట, గొర్రెను చేన్ల మూతి పెట్టనియ్యకపోవుడే దాని పని. నడిచే కంచె అన్నట్టు. గొర్లు చేన్ల పడితె ఎంత పంచాయితీ అయితదో మన గొల్లకుర్మలకు నేను చెప్పాల్నా?

1899ల మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే మాజీ సైనికాధికారి హోరాండ్ అనే కుక్కను కొని, దాంతోని ఈ జాతి రిజిస్టరు మొదలుపెట్టిండు. పనికొస్తదా లేదా, గదే ఆయన లెక్క. పొద్దంత అలవకుండ తిరగాలంటె నడకకూ ఉరుకుడుకూ నడిమిట్ల సాగే అడుగు గావాలె. పోటీలల్ల గూడ ఆ అడుగునే చూసేది.

కథ ఆడనే మలిగింది. మందలు తగ్గినయ్, పోటీలు పెరిగినయ్. అడుగు బాగ సాగాలంటె ఎనుక కాళ్లు కొంచెం వంగి ఉండాలె. కొంచెం వంగినదానికి మెడల్ ఇచ్చిన్రు, తర్వాత ఇంకింత వంగినదానికి ఇచ్చిన్రు. గెలిచిన మగకుక్కతోనే అందరు జత కట్టిచ్చిన్రు. 1925ల స్టెఫానిట్జే గెలిపించిన క్లోడో అనే కుక్క నెత్తురు జాతంత పారింది. దగ్గరి సుట్టాలనే మళ్ల మళ్ల కలిపిన్రు.

2016ల ఇంగ్లండుల క్రఫ్ట్స్ పోటీల ఈ జాతిల గెలిచిన కుక్కను టీవీల చూసి జనం మండిపడ్డరు. నడుము జారుబండ తీరు, ఎనుక కాళ్లు కూలబడ్డట్టు. దానికి మొదటి బహుమతి! సాలెంబడి అది గంటసేపన్న తిరుగుతదా?

తుంటి రోగం వేరే సంగతి, వంపుతోని కలపకుండ్రి. తుంటి గిన్నెల ఎముక సక్కగ కూసోదు. తల్లిదండ్రులనుంచి వస్తది, ఈ జాతిల ఎక్కువ. ఎక్స్‌రే తీస్తె తెలుస్తది. ఇయ్యాల మన సీఆర్పీఎఫ్ అడవులల్ల బెల్జియన్ మాలినాయిస్‌ను తిప్పుతున్నదంటె ఊకెనే కాదు.

జర్మనీల కొందరు కాపర్లు మాత్రం ఆ రిజిస్టరు జోలికి పోలే. పని చూసే జత కట్టిచ్చుకుంట పాత తీరు కుక్కలను కాపాడుకున్నరు. వాటిని ఆల్ట్‌డాయిచె హ్యూటెహుండె అంటరు. అవి సక్కగనే నడుస్తయ్. కానీ మందలే కరువైతె కుక్కలకు పనెక్కడిది? అవి గూడ అంతరించే జాబితాల చేరినయ్.

కుక్కపిల్లను కొనే తమ్మీ, సర్టిఫికెట్ల తాతల మెడల్స్ ఎంచకు. తల్లిని నడిపియ్యుమను, ఎనుక నిలబడి చూడు. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడుగు. చూపియ్యకుంటె పైసలు జేబులనే పెట్టుకొని ఇంటికి రా.