తొందరపడకపోవడమే మా డ్యూటీ!

“సిస్టరమ్మా, నా బిడ్డ ఓర్సుకుంటలేదు. పెద్దాపరేషన్ చేసెయ్యుండ్రి. రేపు పొద్దున పది గంటలకు మంచి ముహూర్తం కూడ ఉందంట!”

ప్రసూతి వార్డులో నైట్ డ్యూటీ చేసేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఆ రాత్రి అన్నది తొలికాన్పుకు వచ్చిన ఓ అమ్మాయి తల్లి. అమ్మాయి బీపీ మామూలుగానే ఉంది. బిడ్డ తల కిందికే ఉంది, గుండె చక్కగా కొట్టుకుంటోంది. ఆపరేషన్ చేయడానికి భయం తప్ప ఇంకో కారణం లేదు.

“ఇంకో గంట చూద్దాం పెద్దమ్మా” అన్నాను.

నేను ప్రభుత్వాసుపత్రిలో మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్‌ని. పేరు పెద్దదే గానీ, వార్డులో అందరికీ ‘సిస్టర్’నే. మా నాయనమ్మయితే ‘చదువుకున్న మంత్రసాని’ అంటుంది! స్టాఫ్ నర్సుగా పదేళ్లు చేశాక ఇటు వచ్చాను. తెలంగాణ ప్రభుత్వం 2017లో యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి నర్సులకు ఈ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. కోర్సు 18 నెలలు.

ఈ అవసరం ఎందుకొచ్చిందంటే.. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లయితే, తెలంగాణలో 60.7 శాతం! అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. అవసరం లేకుండా కోస్తే మాత్రం ఆ గాటు ప్రభావం తర్వాతి కాన్పు మీదా ఉంటుంది.

మరి మేం చేసేదేమిటంటారా? రిస్కు లేని కాన్పులు మొదటి నుంచి చివరిదాకా మేమే చూస్తాం. అరగంటకోసారి బిడ్డ గుండె వినాలి. నాలుగు గంటలకోసారి గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుందో చూడాలి. అన్నీ పార్టోగ్రాఫ్ చార్టులోకి ఎక్కించాలి. మధ్యలో ఆమెను నడిపిస్తాం, పెద్ద బంతి మీద కూర్చోబెడతాం, నడుం రుద్దుతాం. కవలలు, హైబీపీ, ఎదురుకాళ్ల కాన్పులు మాత్రం డాక్టర్లే చూడాలి.

ఆ రాత్రి పెద్దమ్మకూ పని చెప్పాను. కూతురి నడుం ఎలా రుద్దాలో చూపించాను. తెల్లారి నాలుగున్నరకు ఆడపిల్ల పుట్టింది. ఒక్క కుట్టు కూడా పడలేదు. “ముహూర్తం పోతే పోయింది గానీ, పిల్ల నిమ్మళంగ వచ్చింది” అని నవ్విందామె.

అన్ని రాత్రులూ ఇలా ఉండవు. ఇంకోసారి, ఎనిమిది గంటలు సాఫీగా సాగిన కాన్పులో ఉమ్మనీరు పచ్చగా కనిపించింది. బిడ్డ గుండె 110 కంటే కిందికి జారి, మళ్లీ పుంజుకోవడం లేదు. తల్లిని ఎడమ పక్కకు తిప్పి, వెంటనే డాక్టర్‌ని పిలిచాను. థియేటర్‌కు తీసుకెళ్తుంటే ఆమె భర్త నిలదీశాడు.. “ఆపరేషనే చేసేదుంటే ఇంతసేపు ఎందుకాపిన్రు?”

నా మనసులోనూ అదే ప్రశ్న. ముందే పిలవాల్సిందా? బిడ్డ ఏడుపు వినపడ్డాక చార్టు తీసి మొదటి నుంచీ చూశాను. గుండె జారింది చివరి పది నిమిషాల్లోనే. మర్నాడు అతణ్ని కూర్చోబెట్టి ఆ చార్టే చూపించాను. ఎంత అర్థమైందో తెలియదు. కాసేపటికి, “పాపను చూసిన్రా సిస్టర్?” అన్నాడు.

మా చదువులో సగం ఓపిక పట్టడమే. ఓపిక పట్టకూడని నిమిషాన్ని గుర్తుపట్టడం మిగతా సగం. మీ ఇంట్లో కాన్పు ఉంటే, నార్మల్ అన్నా ఆపరేషన్ అన్నా ‘ఎందుకు?’ అని తప్పకుండా అడగండి. జవాబు చెప్పడం కూడా మా డ్యూటీయే!