పిలిచింది ఒకరు, తిరిగొచ్చింది ఇద్దరు

ఇంజనీరింగ్ చదువుతున్న పాఠకురాలు ఒకరు అడిగారు: "ఫోర్క్ పిలిచాక మా ప్రోగ్రాములో ఇఫ్ భాగమూ నడిచింది, ఎల్స్ భాగమూ నడిచింది. అదెలా?" యూనిక్స్ గురించి నాకు ఇంతకన్నా ఇష్టమైన ప్రశ్న లేదు.

నడుస్తున్న ప్రోగ్రామే ప్రాసెస్. ఫోర్క్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రమైన కెర్నెల్ దానికి నకలు తీస్తుంది. అడిగింది తల్లి, నకలు పిల్ల. ఇంతవరకూ ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది.

పిల్ల కొత్తగా పుట్టింది కాబట్టి మెయిన్ దగ్గర మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. కోడ్, డేటాలతోపాటు స్టాక్‌కూ, రిజిస్టర్లకూ కూడా నకలు పడుతుంది. తర్వాత నడపాల్సిన సూచన ఎక్కడుందో చెప్పే ప్రోగ్రామ్ కౌంటర్ కూడా ఒక రిజిస్టరే. అది తల్లిలోనూ పిల్లలోనూ ఒకే చోటు చూపిస్తుంది: ఫోర్క్ ముగిసి బయటికొచ్చే చోటు. పిల్ల ఫోర్క్‌ను పిలవనే లేదు, అయినా అందులోంచి తిరిగొస్తుంది! తాను బతకని గతాన్ని మోసుకుని పుడుతుంది.

మరి తాను తల్లో పిల్లో ఎలా తెలుసుకుంటుంది? కెర్నెల్ కావాలనే ఒక తేడా ఉంచుతుంది. ఫంక్షన్ ఇచ్చే జవాబు 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ చిప్‌లలో ఆర్‌ఏఎక్స్ అనే రిజిస్టరులో అందుతుంది. పిల్ల కోసం సిద్ధం చేసిన రిజిస్టర్లలో ఆ చోట లినక్స్ 0 రాసిపెడుతుంది. తల్లికి మాత్రం పిల్ల నంబరు ఇస్తుంది. పిల్లకు తల్లి ఒక్కతే, తల్లి నంబరు ఎప్పుడైనా అడిగి తెలుసుకోవచ్చు. తల్లికి పిల్లలు ఎందరైనా ఉండొచ్చు, అందుకే పుట్టగానే చెప్పాలి. ఇఫ్ చూసేది ఈ జవాబునే, కాబట్టి ఆ పాఠకురాలి ప్రోగ్రాములో ఒక్కో ప్రాసెస్ ఒక్కో దారే పట్టింది. రాసింది మాత్రం ఒకే తెర మీద.

ఫోర్క్‌కు ముందు, కొత్త లైను గుర్తు లేకుండా ప్రింట్‌ఎఫ్‌తో "హలో" రాయండి. హలో రెండుసార్లు పడుతుంది. చూశారా, పిల్ల మొదటి నుంచే నడిచిందని వాదించేవారు దీన్నే సాక్ష్యంగా చూపుతారు. నిజానికి హలో ఇంకా తెర మీదికి వెళ్లక, తాత్కాలికంగా దాచే బఫర్‌లోనే ఉండగా ఆ బఫర్‌కూ నకలు పడింది, ఇద్దరూ పోతూ పోతూ దాన్ని బయటికి రాశారు. మొదటి నుంచే నడిస్తే పిల్ల కూడా ఫోర్క్ పిలిచేది, దాని పిల్లా పిలిచేది, అంతే ఉండేది కాదు.

ఎవరు ముందు నడుస్తారన్న దానికి హామీ లేదు. మెమరీని కూడా వెంటనే కాపీ చేయరు. ఎవరైనా రాసినప్పుడే, రాసిన పేజీ మేరకే చేస్తారు.

ఫోర్క్ ఆలోచనను మెల్విన్ కాన్వే 1963లోనే ప్రచురించారు. పీడీపీ-7 కంప్యూటర్ మీద నడిచిన తొలి యూనిక్స్‌లో ఫోర్క్‌కు సరిగ్గా 27 లైన్ల అసెంబ్లీ కోడ్ సరిపోయిందని యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన డెనిస్ రిచీ రాశారు. ప్రాసెస్‌ను డిస్కుకు పంపే ఏర్పాటు అప్పటికే ఉండటం కలిసొచ్చింది.

ఉపయోగమా? ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌లు జైగోట్ అనే తల్లి ప్రాసెస్ నుంచి ఇలాగే పుడతాయి. 2019లో కొందరు పరిశోధకులు ఫోర్క్‌ను చరిత్రగా మాత్రమే బోధించాలన్నారు. వారి ఫిర్యాదుల్లో ఒకటి ఇది: చాలా థ్రెడ్లున్న ప్రోగ్రాములో ఫోర్క్ పిలిచిన థ్రెడ్ ఒక్కటే పిల్లలోకి వస్తుంది, మిగతావి పట్టుకున్న తాళాలు తీసేవారు లేక అలాగే ఉండిపోతాయి. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. కానీ తరగతి నుంచి ఫోర్క్‌ను వెనక్కి నెట్టడానికి నేను ఒప్పుకోను. ప్రాసెస్ అంటే కోడ్ ఒక్కటే కాదని, అది ఆగిన చోటు కూడా అందులో భాగమని ఇంత సూటిగా చూపించే పాఠం నాకింకొకటి తెలియదు.